ఎర్రగుట్ట కాడ పడని గేరు

— అమ్మమ్మా, మా బండి గేరు గట్టిగా పడుతోంది. ఒకటో గేరు వెయ్యాలంటే ప్రాణం పోతోంది. ఇంట్లో అందరూ గేరుబాక్సు పోయింది, బండి అమ్మేద్దాం అంటున్నారు. సరోజత్త బండికి కూడా ఒకప్పుడు ఇట్లాగే అయిందంట కదా, అప్పుడు ఏం చేశారు?

ఆఁ, ముందు కూసో. మధిర కాంచి ఇంత దూరం ఆ గేరు గుంజుకుంట వచ్చినవంటే నీ భుజం ఊడి ఒళ్ళె పడి ఉంటది. ఆ మంచం మీద కూసోకు, మీ తాత పండుకున్నడు. గట్టిగ మాట్లాడినా ఏం కాదులే, ఆయనకు వినపడదు. గోదారి పొంగి మంచం కిందికి వచ్చినా అటు తిరిగి పండుకుంటడు గని లేవడు. ఇటు రా, ఈ పీట మీద కూసో.

సరోజ బండి సంగతి గదా. ఉన్నది ఉన్నట్టు చెప్త. నా సంగతి నీకెరుకే గదా, ఒక్క ముక్క ఎక్కువ చెప్పను. ఎందుకు నవ్వుతున్నవ్?

మీ మామకు నడుం ఆపరేషన్ అయిన ఏడు అది. దవాఖానాల డాక్టరు చెప్పిండు, ఇగ బండి ఎక్కొద్దు, బరువు ముట్టొద్దు అని. ఇంటి ముంగట ట్రాలీ నిలబడి ఉన్నది. మీరు పికప్పు అంటరు చూడు, ముందల కేబిను, ఎనక తొట్టి, గదే. నడిపేటోడు లేడు. కిరాయి డ్రైవర్ను పెడ్తె వాడు రోజు ఇడిసి రోజు వస్తడు, వచ్చిన రోజు ఫోను మాట్లాడుకుంట నడుపుతడు. అప్పుడు సరోజ ఒక పొద్దు బియ్యం ఏరుకుంట, తల ఎత్తకుండ, "నేను నేర్సుకుంట అత్తా" అన్నది. నేర్సుకో అన్న. మేము ఎడ్లబండ్లు తోలలేదా. నేను నీ అంత ఉన్నప్పుడు ఇప్పపువ్వు గంపలు ఏసుకొని ఇక్కడి నుంచి కొత్తగూడెం దాక ఒక్క దమ్ముల తోలుకపోయిన. సగం దారిల ఎడ్లు అలిసినయ్ గని నేను అలవలే. కొత్తగూడెం… కొత్తగూడెం కాదులే, దమ్మపేట. దమ్మపేట సంత. అప్పుడు గంప ఇప్పపువ్వు పోస్తె గంప ఉప్పు కొలిచేటోళ్ళు, పైసల ముచ్చటే లేదు. ఇప్పుడు ఆ పువ్వును పొట్లం కట్టి పట్నంల అమ్ముతున్నరంట, మందు అని. మేము తినీ తినీ మందు ఒంట్లనే ఉన్నది, అందుకే నాకు ఇంకా పండ్లు ఊడలే. రెండు ఊడినయ్. సరే, నాలుగు.

ఏం చెప్తున్న? ఆ, సరోజ. పొలంల నేర్సుకున్నది, లైసెన్సు తెచ్చుకున్నది, పామాయిల్ గెలలు అశ్వారావుపేట ఫ్యాక్టరీకి ఏసుడు మొదలుపెట్టింది. మీ దిక్కు మిర్చి, పత్తి గదా, గెలల సంగతి నీకు తెల్వదు. గెల కోసినంక ఆగదు. తెల్లారి వరకు ఫ్యాక్టరీల పడాలె. ఆలస్యమైతే మెత్తబడ్తది, పులిసిన వాసన వస్తది, వాళ్ళు గేటు కాడికెల్లి ఎనక్కి తిప్పుతరు. అందుకే తోటలోళ్ళకు బండి కంటె బండి నడిపేటోళ్ళ మీద నమ్మకం కావాలె. మన ఊరి తోటలన్నీ మన బండికే గెలలు ఏసేవి, మీ మామ మంచితనం వల్ల. ఆ మంచితనం సరోజకు కొన్నాళ్ళు ఆసరా అయింది.

తర్వాత గేరు మొదలుపెట్టింది.

ముందు ముందు చిన్న సప్పుడు. రివర్సు ఏస్తె కర్ర్ అనేది. సరే, పాత బండి, అంటది అనుకున్నం. వానలు పోయినంక ఒకటో గేరు పట్టుకున్నది. ఇంజను నడుస్తుండంగ కడ్డీ ముందుకు నూకితె పోదు. రెండు చేతులు పెట్టి నూకితె అప్పుడు పోయేది, పోయేటప్పుడు బండి కింద ఇనుము నమిలినట్టు సప్పుడు. నీతోని అబద్ధం ఎందుకు, ఆ సప్పుడుకు అడవిల పందులు పక్క జిల్లాకు పోయినయ్. ఆ ఏడు మన చేలల్ల పంది పడలే. అది ఒక లాభం.

మనూరు దాటంగనే ఎర్రగుట్ట ఎక్కుడు ఉన్నది గదా. సగం ఎక్కినంక మలుపు కాడ నిట్టనిలువు. అక్కడ గేరు తగ్గియ్యాలె, తగ్గియ్యకుంటె బండి ఎక్కదు. ఒక దినం లచ్చన్న తోట గెలలు నిండ ఏసుకొని పోతుంటె, ఆ మలుపు కాడ సరోజ గేరు మార్చబోయింది. పడలే. కర్ర్ అన్నది, ఆగింది, ఎనక్కి జారింది. మబ్బుల కాంచి జారుకుంట వచ్చింది అనుకో… లే, మబ్బుల కాంచి కాదు, బండి పొడుగంత జారింది. బ్రేకు పట్టుకున్నది. ఎనక వచ్చేటోళ్ళు దిగి రాళ్ళు పెట్టిన్రు. బండి ఆడనే నిలబడ్డది, గెలలు ఎండకు ఉడికినయ్, ఫ్యాక్టరోళ్ళు సగం ఎనక్కి తిప్పిన్రు.

రంగయ్య అని నాకు వరుసకు మరిది, ఆయనకు ఒక ట్రాలీ ఉన్నది. అది ఎప్పుడూ ఖాళీగనే ఉంటది, ఆయన నోరు మాత్రం ఖాళీ ఉండదు. గుట్ట కాడికి వచ్చిండు, మా బండి ఎక్కి, పండ్లు కొరుక్కుంట, గేరు కడ్డీని ఎద్దు కొమ్ము ఇరిసినట్టు ఒక్క గుంజు గుంజిండు. ఇంత సప్పుడు చేసి పడ్డది. దిగొచ్చి చెయ్యి తుడుసుకుంట అందరు ఇనేటట్టు అన్నడు, "చూసిన్రా, పడ్డది. గేరు గరిటె గాదు కోడలా. చేతుల బలం ఉండాలె."

సరోజ ఎక్కి బండి ముందుకు తీసింది. నేనైతె ఏదో ఒకటి అందును గని ఆ దినం నేను ఆడ లేను. ఉన్నట్టయితె ఆ గుట్ట రెండు ముక్కలయ్యేది.

పొద్దుగూకేటప్పటికి ఊర్లె గెలలు తూచే కాటా కాడ తోటలోళ్ళు జమైన్రు. లచ్చన్న మంచోడే, కడుపుల కుట్ర లేదు. అన్నడు, "సరోజమ్మా, నీ మీద నాకు కోపం లేదు. కానీ గెలకు ఆ సంగతి తెల్వదు గదా, అది మెత్తబడ్తది. వచ్చే శుక్రారం కోత ఉన్నది. నీ బండి గుట్ట మీద ఆగకుండ ఎక్కిందంటె గెలలన్నీ నీకే. ఆగిందా, అందరం రంగయ్య బండికి ఏస్తం." రంగయ్య మీసం దువ్వుకున్నడు. మీసం ఏమన్న ఉంటెగదా దువ్వుతానికి, నాలుగు ఎంట్రుకలు.

ఇంటికొచ్చినంక మీ మామ కూడ అదే ముచ్చట. "అమ్ముదాం, సరోజా. నీకెందుకు ఈ గోస." ఆమె పళ్ళెం ముంగట కూసొని అన్నం కెలుకుతున్నది, తింటలేదు. "గోస నాది గాదు, గేరుది" అన్నది. "నాకు చేతకాకుంటె నేనే దిగిపోత. చేతకాక గాదు ఇది. తొక్కిన కాలు నాది, నాకు తెల్వదా." ఆ మాట నాకు గట్టిగ తగిలింది బిడ్డా. ఆ పిల్ల ఇంట్ల ఎదురు మాట్లాడుడు నేను ఇనుడు అదే మొదలు.

తెల్లారి అశ్వారావుపేటల ఒక షెడ్డుకు తీస్కపోయింది. ఆడ పిల్లగాడు గేరాయిలు మార్చిండు. తేడా లే. బాక్సు దింపాలె, ఇప్పాలె, లోపల ఏం పోయిందో చూడాలె, చానా దినాలు పడ్తది అన్నడు. శుక్రారం నెత్తి మీద ఉన్నది. బండిని ఇంటికి తోలుకొచ్చి, బాషాకు ఫోను చేసింది. బాషా అంటె మీ మామ దోస్తు, పాత మెకానిక్కు, పినపాక దిక్కు ట్రాక్టర్లు బాగుచేస్తుంటడు. నేను పక్కనే ఉన్న, ఫోను గొంతు పెద్దగ పెట్టింది, నాకు అన్నీ వినపడ్డయ్.

"వదినా, బాక్సు దింపే ముచ్చట తర్వాత" అన్నడు. "ముందు ఇంజను బంద్ చెయ్యి. చేసి గేర్లన్నీ ఏసి చూడు."

ఏసి చూసింది. ఒకటి, రెండు, మూడు, రివర్సు… పెరుగుల గరిటె తిప్పినట్టు పోతున్నయ్. నేను గూడ ఏసిన. అవ్, నేనే. చిటికెన వేలుతోటి ఏసిన.

"ఇప్పుడు ఇంజను చాలు చేసి ఎయ్యి" అన్నడు. కర్ర్.

"అయితె బాక్సు మంచిగున్నది వదినా. క్లచ్చు ఇడుస్తలేదు."

నాకు సమజ్ కాలే, ఏంది బాషా, తెలుగుల చెప్పు అన్న. అప్పుడు మంచిగ చెప్పిండు. తిరగలి తిరుగుతుంటె మధ్యల వేలు పెడ్తవా పెద్దమ్మా అన్నడు. పెట్టను అన్న. ఎందుకు? నలుగుతది. తిరగలి ఆపినంక పెడ్తవ్ గదా. క్లచ్చు తొక్కుడు అంటె గదే, ఇంజను తిరుగుడు గేరుకు తగలకుండ ఆపుడు. పూర్తిగ తొక్కితె పూర్తిగ ఆగుతది, గేరు మెత్తగ పడ్తది. సగమే తొక్కితె తిరగలి సన్నగ తిరుగుతనే ఉంటది, ఆ తిరిగే పండ్ల మధ్యల నువ్వు గేరు పండ్లు ఇరికిస్తనంటె అది నములుతది. బంద్ చేసినప్పుడు మెత్తగ పడి, చాలు చేస్తె గట్టిగ పడ్డదంటె తప్పు క్లచ్చుది. బంద్ చేసినా గట్టిగనే ఉంటె అప్పుడు కడ్డీది, బాక్సుది. గది గుర్తుపెట్టుకో నువ్వు. మీ దిక్కు మెకానిక్కు బాక్సు దింపుత అన్నప్పుడు ముందు ఇది అడుగు.

తర్వాత బాషా ఒక్కొక్కటి చూడుమన్నడు. బానెట్టు ఎత్తి క్లచ్చు ఆయిలు డబ్బా చూడుమన్నడు, నిండ ఉన్నది. కింద ఎక్కడన్న తడి కారుతున్నదా, లేదు. పెడలు తొక్కితె మెత్తగ, గాలి నిండినట్టు ఉన్నదా, లేదు, గట్టిగనే ఉన్నది. "మరి పూర్తిగ తొక్కుతున్నవా వదినా? నేలకు తగిలేదాక?" అన్నడు.

"తగిలేదాక తొక్కుతున్న అన్నా. తగుల్తనే ఉన్నది" అన్నది సరోజ.

"అయితె లోపల క్లచ్చు పలకలు చూడాలె. శనారం వస్త" అన్నడు.

శనారం. కోత శుక్రారం. ఫోను పెట్టేసి సరోజ బండికి ఆనుకొని నిలబడ్డది. ఏడ్వలే. ఏడ్చినట్టయితె నాకు ఏదో ఒకటి చెప్తానికి ఉండేది.

ఇగ నా ముచ్చట చెప్త, మీ అమ్మకు చెప్పకు. నేను చుట్ట తాగుత గదా. నాకు దగ్గు వచ్చినంక మీ తాత ఇంట్ల చుట్ట కనపడితె ఇల్లు పీకి పందిరేసేటోడు. ఇంట్ల ఎక్కడ దాసినా కనిపెడ్తడు, చెవులు పోయినయ్ గని ముక్కు వేటకుక్కది. అందుకే నేను నా చుట్టలు బండిల దాసేదాన్ని. క్లచ్చు పెడలుకు ఎడమ దిక్కు అంచుకు, కాళ్ళ కింద ఏసిన గోనెపట్టా ఎత్తి దాని కిందికి నూకేదాన్ని. ఎవ్వరు చూస్తరు ఆడ?

ఆ పగలు అందరు మూతులు ముడుసుకొని కూసున్నరు, నాకు పొగ లేకుంటె బుర్ర నడవదు. మెల్లగ పోయి కేబిను తలుపు తీసి, కింద నిలబడి, చెయ్యి పెట్టిన. గోనె కింద గోనె తగిలింది. దాని కింద ఇంకో గోనె. నా చుట్ట ఇంకా కిందికి జారిపోయిందనుకొని ఇంకా పెట్టిన. ఇంకో గోనె. చెయ్యి మోచెయ్యి దాక పోయింది, భుజం దాక పోయింది, ఇగ బండి అవతల దిక్కు నుంచి వస్తదేమో అనుకున్న. అట్ల చూడకు. సరే, మణికట్టు దాక. మణికట్టు దాక పోయింది, అది ఒట్టు.

పైపైన చూస్తె ఒక్క గోనే కనపడ్తది. కింద మెత్త లేదు, పలక లెక్క గట్టిగున్నది. గెలల నూనె కారి, దుమ్ము పట్టి, వానకు తడిసి, ఎండకు ఎండి, చెక్క అయింది.

"సరోజా, ఇటు రా" అన్న. "ఎక్కి క్లచ్చు తొక్కు."

తొక్కింది. పెడలు పోయి టక్కున గోనెకు తగిలి ఆగింది.

"ఇదా నువ్వు నేల అంటున్నది?"

వంగి చూసింది. చూసి, నా దిక్కు చూసింది. నేను గోనెల పక్కన అసలు రేకు మీద వేళ్ళు ఆనిచ్చి పెట్టిన. పెడలుకు, రేకుకు మధ్యల నాలుగు వేళ్ళ ఎడం. ఆ నాలుగు వేళ్ళు ఆ పిల్ల కాలు ఎన్నడూ పోలే. పోనిస్తెగదా. మెల్లగ మెల్లగ, ఏడాదికింత తగ్గుకుంట వచ్చింది, అందుకే ఎవ్వలికీ తెల్వలే.

ఆ గోనెలు ఎక్కడియి అంటవా? అగో, ఆ మంచం మీద పండుకున్నడు చూడు, ఆయన పని. బండి కొన్న దినం పర్ణశాల తీస్కపోయినం పూజకు. నువ్వు గూడ వచ్చినవ్, గౌను ఏసుకునేదానివి. సీతమ్మ చీర ఆరేసుకున్న రాళ్ళు చూపిస్తె ఆ రంగు నాకు కావాలని ఏడ్చినవ్. పూజారి బండి లోపల కుంకుమ నీళ్ళు చల్లిండు. కాళ్ళ కింద కొత్త గోనె ఏసినం గదా, దాని మీద పడ్డయ్. ఆ దినం నుంచి మీ తాతకు అది సీతమ్మ కూసున్న గోనె. దాన్ని దులపొద్దు, తియ్యొద్దు. మరి చినుగుతది గదా? చినిగితె దాని మీద కొత్తది. ప్రతి దసరాకు బండికి పూజ చేసి, గుమ్మడికాయ కొట్టి, పాత గోనె మీద కొత్త గోనె ఏసేటోడు. మూలలు మేకులతోటి బిగించేటోడు. మీ మామ ఒకసారి తీసి దులపబోతె, నా బండిల నుంచి లచ్చిమిని ఊడుస్తవా అని ఊరంత ఇనపడేటట్టు అరిసిండు. అందుకే ఎవ్వలూ ముట్టలే.

సరోజ గొంతు తగ్గిచ్చి అన్నది, "అత్తా, మామను అడుగుడు ఎట్ల?" అడుగుడేంది, ఆయనకు వినపడదు, గుంజేద్దాం అన్న. ఆమె ఒప్పుకోలే. "అట్ల తీస్తె రేపు గుట్ట మీద ఏమన్న అయితె గోనె తీసినందుకే అంటరు. మామ చెప్పాలె, తియ్యుమని" అన్నది. తెలివి చూడు దానిది.

మీ తాతకు మా మాటలు వినపడకున్నా వాసన వచ్చినట్టున్నది, కట్టె పట్టుకొని రానే వచ్చిండు. వచ్చి కేబినుల ఎక్కి కూసున్నడు, గుడ్ల మీద కోడి కూసున్నట్టు. "నేను చచ్చినంక తియ్యుండ్రి" అన్నడు.

నేను ఆయన చెవు కాడికి పోయిన. "సీతమ్మ ఎక్కడున్నది?" అన్న.

"కింద గోనె మీద."

"దాని మీద ఏమున్నయ్?"

"గోనెలు."

"గోనెల మీద?"

"పెడల్లు."

"పెడల్ల మీద?"

నేను ఇడువలే. "నీ కాళ్ళు, నీ కొడుకు కాళ్ళు, ఇప్పుడు కోడలు కాళ్ళు. చెప్పులతోటి. పేడ తొక్కిన చెప్పులతోటి. ఇన్నేండ్లు ఆ తల్లిని కింద పెట్టి మీద తొక్కుతున్నం. ఆమె కాబట్టి గేరు ఒక్కటే ఆపింది, ఇంకో దేవత అయితె బ్రేకు ఆపేది."

కాళ్ళ దిక్కు చూసుకున్నడు. ఆయన చెప్పులు ఆయనే ఇప్పి కిందికి ఇసిరిండు. దిగి, సీటు కింది పట్కారు తీసి సరోజ చేతికి ఇచ్చిండు. "పీకు బిడ్డా. అడుగుది మాత్రం నేను తీస్త" అన్నడు.

ఒక్కొక్కటి లేపుతుంటె ఏం చెప్పాలె. పైదాంట్ల అంత గెలల నూనె, ఎర్రగ. దాని కిందిదాంట్ల మిర్చి గింజలు, ఖమ్మం మార్కెట్టుకు ఏసిన ఏటివి. వాకిట్ల అందరం తుమ్ముడే తుమ్ముడు, మూడు ఊర్లు తుమ్మినయ్. దాని కింద పత్తి పింజెలు. దాని కింద ఎండిన తునికాకు పొడి, కల్లం కాడికి కూలోళ్ళను ఏసుకపోయిన నాటిది. దాని కింద ఏందో చీమలు తిన్నది. అడుగుదాని మీద నీ జడ క్లిప్పు దొరికింది, ఎర్రది, పువ్వు ఉన్నది. ఆ రంగు రాళ్ళ కోసం ఏడ్చి ఏడ్చి నువ్వు బండిల పారేసుకున్నది. అది ఇంట్లనే ఉన్నది, పోయేటప్పుడు ఇస్త. నా చుట్టలు గూడ దొరికినయ్, అందరి ముంగట. మీ తాత అవి చూసిండు, నన్ను చూసిండు, ఒక్క మాట అనలే. ఆ దినం ఆయన మీద దేవుడు ఉన్నడు.

అడుగుది మీ తాత రెండు చేతుల తీసిండు. పొడి పొడి అయింది గని కుంకుమ మరక కనపడ్తనే ఉన్నది. తువ్వాలల చుట్టుకున్నడు.

రేకు కనపడ్డది. సరోజ ఎక్కి కూసొని క్లచ్చు తొక్కింది. "అత్తా, కాలు పాతాళానికి పోతున్నది" అన్నది.

శుక్రారం గెలలు నిండ ఏసిన్రు. నిండ అంటె ఆకాశానికి తగిలేటట్టు. లచ్చన్న మోటర్ సైకిలు మీద ఎనక. వాని ఎనక రంగయ్య, ఖాళీ ట్రాలీ ఏసుకొని. ఎందుకంటె, గుట్ట మీద ఆగితె ఆడనే గెలలు మార్చుకుంటనని. అంత నమ్మకం ఆయనకు. కేబినుల సరోజ, ఆ అంచుకు నేను, మధ్యల మీ తాత, ఒళ్ళె తువ్వాల మూట. ముగ్గురికి జాగ ఏడిది, గేరు కడ్డీ మీ తాత మోకాళ్ళ మధ్యల ఉన్నది.

మలుపు వచ్చింది. బండి మూలుగుతున్నది. సరోజ క్లచ్చు తొక్కి గేరు గుంజింది.

సప్పుడు లే.

ఇన్నినాళ్ళు కర్ర్ అంటె పడ్డట్టు లెక్క గదా ఆ పిల్లకు. చెవి దానికే అలవాటు పడ్డది. సప్పుడు లేదు, పడలేదనుకున్నది. క్లచ్చు మీద కాలు తియ్యలే, మళ్ళ గుంజబోయింది. బండి ఊపు తగ్గింది. నాకు ఎనక రంగయ్య హారను వినపడ్డది. నేను ఏ దేవుణ్ణి పిలిసిన్నో నాకే గుర్తు లేదు, అందర్నీ పిలిసిన.

అప్పుడు మీ తాత అన్నడు, "పడ్డది, ఇడువు బిడ్డా."

ఆయనకు సప్పుడు ముందు నుంచే వినపడదు గదా. కడ్డీ వచ్చి మోకాలికి ఆనింది, దాన్నిబట్టి చెప్పిండు. "నా మోకాలికి తగిలింది, పడ్డది. ఇడువు."

సరోజ కాలు ఇడిసింది. బండి ఒక్కసారి ముందుకు తలఊపి, పట్టుకొని, ఎక్కింది. ఆగకుండ ఎక్కింది. గుట్ట మీదికి పోయినంక ఆమె చీర కొంగుతోటి మెడ తుడుసుకున్నది, గంతే.

ఫ్యాక్టరీ కాటా కాడ లచ్చన్న వచ్చి గెల ఒకటి ఒత్తి చూసుకున్నడు. "వచ్చే కోతకు జర జల్దీ రా సరోజమ్మా, మా తోట ముందు" అన్నడు. రంగయ్య గూడ అంత దూరం ఖాళీ బండి తోలుకొని వచ్చిండు, ఎందుకొచ్చిండో ఆయనకే తెల్వాలె. నేను ఊకుంటనా. పిలిచిన. "మరిదీ, గేరు గరిటె గాదన్నవ్ గదా. అవ్, నిజమే. గరిటె తిప్పుడు నీకు ఈ జన్మల రాదు. గేరు మా కోడలికి వచ్చింది" అన్న. అందరు నవ్విన్రు. ఆయన గూడ నవ్విండు, పాపం. చెడ్డోడు గాదు.

ఇప్పటికీ ప్రతి దసరాకు మీ తాత కొత్త గోనె తెస్తడు. తెచ్చి సరోజ చేతికి ఇస్తడు, ఎక్కడ ఏస్తవో నువ్వే ఎయ్యి అంటడు. పాతది తీసి కొత్తది ఏస్తది, పెడల్ల కిందికి రాకుండ మడిసి. సీతమ్మ గోనె అద్దం పైన తువ్వాల మూటల ఉన్నది. ఇప్పుడు అందరం ఆమె కిందనే కూసుంటున్నం, మర్యాదగ.

గదీ ముచ్చట. నువ్వు పోయి చూసుకో, కాళ్ళ కింద ఏమున్నదో. పట్టాలు గని, దుప్పట్లు గని, మీ ఇంట్ల ఎవరన్న మడత పెట్టిన్రేమో.

— అమ్మమ్మా, మా బండికి ఇంజను బంద్ చేసినా గట్టిగానే ఉంది.

బంద్ చేసినా?

ఈ మాట ముందే చెప్పొద్దా పిల్లా. నోరు ఎండిపోయేదాక చెప్పిచ్చుకున్నవ్. అయితె నా గోనెలు నీకు పనికిరావు. అది కడ్డీ దిక్కు తప్పు. అయినా గాబరా పడకు, వాళ్ళు ఊకె బాక్సు బాక్సు అంటరు. ముందు కడ్డీ కింద రబ్బరు తొడుగు లేపి చూపియ్యి, దుమ్ము పోయి గ్రీజు ఎండిపోయిందేమో. కింద కడ్డీలు కలిసే కాడ బుష్షులు అరిగినయేమో. గేరాయిలు ఉన్నదా, ఏది పడితె అది పోసిన్రా. ఇవన్నీ అయినంక, అప్పుడు బాక్సు. చిన్నయి చూడకుండ పెద్దది ఇప్పనియ్యకు. అమ్ముదాం అనేటోళ్ళకు చెప్పు, ఇప్పుడే వద్దు, చూసినంక మాట్లాడుదాం అని. అట్లనే అన్నది మీ అత్త, నెమ్మదిగ. నెమ్మదిగ అన్నందుకే నిలబడ్డది. సరోజ వచ్చినంక ఆమెకే చూపిద్దాం నీ బండి, ఇప్పుడు ఆమె బాషాకే చెప్పేటంత అయింది. అమెరికా కాంచి గూడ ఫోన్లు వస్తయ్. సరే, సత్తుపల్లి కాంచి వస్తయ్.

ఆగు. వినపడ్తున్నదా? బండి. గుట్ట దిగుడు గాదు, ఎక్కుడు, అటు నుంచి ఖాళీ తొట్టితోటి వస్తున్నది. మన బండే, దాని మూలుగు నాకు తెలుసు. ఇప్పుడు అటు దిక్కు మలుపు కాడ ఉన్నది.

ఇప్పుడు గేరు మార్చింది.

నీకేమన్న వినపడ్డదా? లేదు గదా. గదే. నీ బండి గూడ గట్లనే కావాలె బిడ్డా. ఎక్కుడు ఎంత ఉన్నా కాలు అడుగు దాక పోవాలె, గేరు సప్పుడు లేకుండ పడాలె, పడ్డదని చెప్పేటోళ్ళు పక్కన ఒకరు ఉండాలె. సల్లగుండు. లే, లేచి పొయ్యి మీద చాయ పెట్టు, మీ అత్త వస్తున్నది. పెట్టేటప్పుడు ఆ బియ్యం డబ్బా ఎనక చెయ్యి పెట్టు, ఒక చుట్ట ఉంటది… మెల్లగ, మీ తాత ముక్కు కదులుతున్నది.